బయట ఉంచిన చెయ్యి

మాదన్నపేట,
8 జూన్ 2025

చిరంజీవి సుజనకు,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పింది సగమే వినబడింది. ఈ ఎండాకాలంతో కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది మొహమాటానికి పనిచేస్తోంది. టెలిఫోన్ శాఖలో ఊరందరి లైన్లు బాగుచేసినవాడికి చివరికి దక్కింది ఇదీ అని పక్కింటి రఫియా నవ్వుతుంది. ఇకనుంచి ఉత్తరం రాయి. కళ్లు ఇంకా ఉన్నాయి.

నాకు అర్థమైనంత రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. డిగ్రీ లేకుండా ఏళ్లతరబడి ప్రకృతి చికిత్స చేస్తున్నవాళ్లను కూడా మండలి తన రిజిస్టర్‌లో చేర్చుకుంటానంటోంది. రాత పరీక్ష నువ్వు పాసయ్యావు. ఇక ప్రాక్టికల్ ఉంది. పరిచయం లేని రోగిని నీ ముందు పెడతారు. నువ్వు చికిత్స చేస్తుంటే పరీక్షకులు చూసి మార్కులు వేస్తారు. పాసైతే వికారాబాద్‌లో నీ రెండు గదుల చికిత్సాలయం నిలుస్తుంది. లేకపోతే బోర్డు దించాలి. ఇంతేనా?

ఇంతే అయితే భయం వద్దు. ఈ ఇంట్లో మూడేళ్లు ఉండి మీ పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నావు. నీ చేతులు మంచివని ఆమె అనేది. నీ ముందు అనలేదు. వంటింట్లో రఫియాతో అనేది.

పొద్దున మార్కెట్‌కు పోయాను. బూడిద గుమ్మడికాయలు అమ్మే మాణిక్యమ్మ ఆపింది. "డాక్టరమ్మ పోయినంక నా గుమ్మడికాయలు అడిగేటోళ్లే లేరు సారూ" అంది. మీ పెద్దమ్మ పోయి ఏడాది కావస్తున్నా ఆ వీధిలో ఆమె ఇంకా డాక్టరమ్మే. ఊరికే రాలేక ఒకటి కొన్నాను. దాన్ని ఏం చేయాలో తెలియదు. వంటింట్లో పెట్టాను. పోయినప్పుడల్లా ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది.

పరీక్ష అయ్యాక రాయి.

పెద్దబాపు


వికారాబాద్,
22 జూన్ 2025

పెద్దబాపుకు వందనాలు.

బడి వదిలాక నేను ఉత్తరం రాయడం ఇదే. చేతిరాత చూసి నవ్వకండి.

ఫెయిలయ్యాను. ఇంతకంటే మెల్లగా చెప్పడం రావడం లేదు.

పొద్దున్నే బయలుదేరి వెళ్లాను. పెద్దమ్మ కట్టుకునే రకం తెల్ల నూలు చీర కట్టుకున్నాను. మొదట మట్టిపట్టీ అడిగారు, చేశాను, ఏమీ అనలేదు. తరువాత తడి దుప్పటి చుట్టు. అక్కడే మొదలైంది. నేను చుట్టిన తీరంతా తప్పట. అంటే పెద్దమ్మ నేర్పిన తీరు తప్పన్నమాట. ఆ పెద్ద డాక్టరు, వెంకటనారాయణ అట పేరు, నన్ను అడిగిన ప్రశ్నలు మీకు రాయాలంటే సిగ్గుగా ఉంది. డిగ్రీ లేనివాళ్లంటే వాళ్లకు మొదటి నుంచీ చిన్నచూపే.

నవంబరులో ఇంకొక్కసారి అవకాశం ఇస్తారు. అదే ఆఖరు. అప్పుడూ పోతే బోర్డు దించాలి. ఆ బోర్డు మీద నా పేరు లేదు పెద్దబాపూ, మీకు తెలుసు. 'కృష్ణమ్మ ప్రకృతి చికిత్సాలయం' అని ఉంది. అనంతగిరి దారిలో కొత్తగా వచ్చిన రిసార్టువాళ్లు తువ్వాళ్లు అందించే పనికి రమ్మంటున్నారు. పదిహేనేళ్లు వైద్యం చేసి తువ్వాళ్లు అందించనా?

ఇక్కడ ముసురు పట్టింది. ఎండబెట్టిన మట్టంతా లోపలికి తెచ్చాను. ఇల్లంతా పెద్దమ్మ వాసన.

మీ సుజన


మాదన్నపేట,
26 జూన్ 2025

సుజనకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఆ పరీక్షకుడి మీద మండలికి ఫిర్యాదు రాసి ఈ పొద్దున రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంగ్లీషులో ఒక పేజీ. కోపం మాటలు లేవు. అనుభవం ఉన్నవాళ్లను పట్టా లేదన్న కారణంతో అవమానించడం తగదని రాశాను. సర్వీసులో నా ప్రమోషన్ కోసం కూడా ఎప్పుడూ ఇలా రాయలేదు.

మీ పెద్దమ్మ చుట్టిన చుట్టు తప్పన్నవాడిని నేను చూడలేదు. ముందు గదికి తెర కట్టి, ఒక మంచం, ఒక రేకు తొట్టితో ఆమె మొదలుపెట్టింది. ఆడవాళ్లే వచ్చేవాళ్లు. దబీర్‌పురా నుంచి బుర్ఖాల్లో నడిచి వచ్చేవాళ్లు. రైల్వే క్వార్టర్ల నుంచి పిల్లలను చంకన వేసుకొని వచ్చేవాళ్లు. మట్టి కోసం ఆదివారం ఆరాధన అయ్యాక చాంద్రాయణగుట్ట అవతలికి స్కూటర్ మీద పోయేవాళ్లం. అప్పుడు అది బయలు. ఆమె పిడికెడు మన్ను తీసి వాసన చూసేది. "ఈడ గాదు. ఇంకా ఆవలికి పోదాం" అనేది. ఎండలో నేను స్కూటర్ తోసుకుంటూ వెనక నడిచేవాణ్ణి. వాసనలో ఏం తేడా అని ఒకసారి అడిగాను. "మీకు జెప్తె తెల్వది, మీరు తీగల మనిషి" అంది. ఆ మన్ను మీద ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభాలున్నాయి.

ఆయన ఏమేమి అడిగాడో, నువ్వు ఏమన్నావో ఉన్నది ఉన్నట్టు రాయి. సిగ్గుపడకు. విచారణ జరిగితే పనికొస్తుంది.

పెద్దబాపు


వికారాబాద్,
1 జూలై 2025

పెద్దబాపుకు వందనాలు.

మీరు నా కోసం ఫిర్యాదు పెట్టారని చదివి కళ్లు తుడుచుకున్నాను. మా అమ్మ ఉన్నా ఇంతకన్నా చేసేది కాదు. అడిగారు కాబట్టి పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

రోగి అని ఒక నర్సింగు చదివే పిల్లను పెట్టారు. కబడ్డీ ఆడుతుందట, రాయిలా ఉంది. నేను మంచం మీద ఉన్ని కంబళి పరిచి, దుప్పటి తడపడానికి నీళ్లు కలుపుతున్నాను.

"నీళ్లు గోరువెచ్చగ ఎందుకమ్మా?" అన్నాడు ఆ పెద్ద డాక్టరు.

"చలి పుట్టకుండ సార్."

"ఆమెను అడిగినవా?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. "నాకైతే చెమటలు కారుతున్నయి ఆంటీ. ఐసు నీళ్లు పోసినా ఓకే."

నేను వినిపించుకోలేదు. చుట్టాను. ఎడమ మోకాలి మీద ఉన్ని గుడ్డ రెండో పొర వేశాను. ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఈ మోకాలికి రెండు పొరలు దేనికి?"

"అట్లనే వెయ్యాలె సార్."

"కుడి చెయ్యి బయట పెట్టినవేంది? గాలి దూరితే చుట్టు వేడెక్కుతదా?"

"అది బయటనే ఉంటది సార్."

"సరే ఉండనీ. దాన్ని పట్టుకొని నువ్వెందుకు కూసున్నవు?"

నేను అప్పటికే స్టూలు వేసుకొని ఆ పిల్ల చెయ్యి పట్టుకొని కూర్చున్నాను, ఎప్పటిలాగే. "అది పద్ధతి సార్" అన్నాను. పక్కనే మార్కులు వేస్తున్న మేడమ్ తల వంచుకుంది. నవ్విందో ఏమో. ఆ పిల్లకు జాలేసింది. "ఆంటీకి భయమైతున్నట్టుంది సార్, పట్టుకోనియ్యండి" అంది.

అప్పుడు ఆయన అడిగాడు, "ఎవరి దగ్గర నేర్చుకున్నవు?" అని. మా పెద్దమ్మ దగ్గర అన్నాను. "అది సరే. ఎవరి మీద నేర్చుకున్నవు?" అన్నాడు.

ఇదేం ప్రశ్న పెద్దబాపూ? మనుషుల మీద కాక మేకల మీద నేర్చుకుంటారా? ఆయన రాసుకొని పోయాడు.

నా దగ్గరికి వచ్చేదంతా మోకాళ్లు అరిగిన ముసలమ్మలే. మోకాలికి రెండో పొర వేస్తే దీవిస్తారు. చెయ్యి పట్టుకుంటే వదలరు. పదిహేనేళ్లలో ఒక్కరూ తప్పనలేదు. ఇదంతా విచారణలో చెప్పండి. ఫిర్యాదు మాత్రం వదలకండి.

మీ సుజన


వికారాబాద్,
14 జూలై 2025

పెద్దబాపుకు వందనాలు.

మీ నుంచి జవాబు లేదు. మండలి నుంచి మాత్రం కాగితం వచ్చింది. మీరు స్వయంగా వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారట. పరీక్షకుల నిర్ణయం సరైనదే అని రాసి సంతకం పెట్టారట.

నేను రాసింది చదివి మీరు కూడా వాళ్ల పక్షానికి వెళ్లారు. పెద్దమ్మ పేరు చెడగొట్టానని కోపం వచ్చిందా? నన్నే తిట్టవచ్చు కదా. వాళ్ల దగ్గరికి వెళ్లి ఎందుకు చెప్పడం?

రిసార్టు మేనేజరుకు ఆలోచించుకొని చెబుతానన్నాను. ఇంకేమీ రాయలేను.

సుజన


మాదన్నపేట,
15 జూలై 2025

సుజనకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి దీన్ని రాస్తున్నాను, చింపుతున్నాను. ఆలస్యానికి అదే కారణం. కోపం కాదు.

ఆ ఎడమ మోకాలు నాది.

నువ్వు ఈ ఇంటికి రాకముందే, వానలో చాంద్రాయణగుట్ట దగ్గర స్తంభం మీద లైను చూస్తుంటే నిచ్చెన జారింది. మోకాలి చిప్ప పగిలింది. అతికింది గానీ చలి తగిలితే ఇప్పటికీ చెబుతుంది. అందుకే మీ పెద్దమ్మ దాని మీద రెండో పొర వేసేది. చన్నీళ్లు నాకు పడవు. అందుకే గోరువెచ్చన.

చెయ్యి సంగతి. దబీర్‌పురాలో కేబుల్ గుంతలో దిగినప్పుడు ఒక పక్క మట్టి జారి రొమ్ము దాకా కూరుకుపోయాను. మనుషులు వచ్చి తవ్వేదాకా కుడి చెయ్యి ఒకటే పైన ఉంది. తరువాత ఒంటికి ఏది బిగించి కట్టినా ఊపిరి ఆగినట్టు అయ్యేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె కనిపెట్టింది. చుట్టినప్పుడు ఆ చెయ్యి బయట పెట్టేది. స్టూలు వేసుకొని పట్టుకొని కూర్చునేది. అది పద్ధతి కాదు బిడ్డా. ఏ పుస్తకంలోనూ లేదు. అది మా ఇద్దరిది.

నీకు నేర్పడానికి రోగులెవరూ ఒప్పుకోలేదు. పైసలిచ్చి వచ్చినవాళ్లు నేర్చుకునే పిల్ల చేతికి ఒళ్లు అప్పగిస్తారా? "మీ పెద్దబాపు ఉన్నడు గద, ఎట్ల పడితె అట్ల పంటడు" అంది మీ పెద్దమ్మ. నేను ఆఫీసు నుంచి వచ్చి లుంగీ కట్టుకొని పడుకునేవాణ్ణి. మీరిద్దరూ చుట్టేవాళ్లు. ఆమె నవ్వుతూ చెప్పేది, నువ్వు నాలుక కొరుక్కుంటూ చేసేదానివి. వంటింట్లోంచి పప్పు మాడిన వాసన వచ్చేది. ఎవరో ఒకరు పరుగెత్తేవాళ్లు. సగం చుట్టిన నన్ను మరిచిపోయేవాళ్లు. నా జీవితంలో ఆ సాయంత్రాలు బాగున్నాయి.

ఇతరులను మీ పెద్దమ్మ చాలా అడిగేది. నిద్ర, ఆకలి, దాహం, ఎక్కడ నొప్పి, ఎప్పటి సంది. తెర వెనక ఆ మాటలకే ఎక్కువసేపు పట్టేది. నువ్వు అప్పుడు పెరట్లో మట్టి జల్లిస్తూ ఉండేదానివి. నన్ను మాత్రం అడిగేది కాదు. తెలుసు కాబట్టి. నువ్వు చేతులు నేర్చుకున్నావు, అడగడం నేర్చుకోలేదు. తప్పు నీది కాదు, ఆమెదీ కాదు. ఇంట్లో నేర్చుకుంటే ఇట్లాగే అవుతుంది.

ఇది తెలిశాక ఆయన మీద ఫిర్యాదు ఉంచడం న్యాయం కాదు. మండలి ఆఫీసుకు పోయాను. వెంకటనారాయణ గారు సన్నటి మనిషి, నా వయసువాడు.

"పెట్టింది మీరే, తీసుకునేది మీరేనా? ఏమైంది సార్?" అన్నారు.

"మీరు సరిగ్గానే చూశారని తెలిసింది" అన్నాను.

సంతకం పెట్టి లేచాను. కుర్చీ చేతులు పట్టుకొని లేస్తాను ఈ మధ్య. ఆయన నా కాళ్లవైపు చూశారు.

"ఒక్క నిమిషం సార్. ఎడమ మోకాలా?"

"అవును."

"చన్నీళ్లు పడవా?"

"పడవు."

"కూర్చోండి" అని టీ తెప్పించారు. తాను తాగలేదు. కప్పు నా వైపు జరిపి, "ఆ అమ్మాయి చేతులు మంచివి సార్. కానీ అవి ఒక్క మనిషినే చూస్తున్నయి. ఎదురుంగ ఎవరున్నా మీరే అవుపడుతున్నరు" అన్నారు. చెయ్యి గురించి అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. మర్యాదస్తుడు.

ఆగస్టులో ఇక్కడికి రా. కొన్నాళ్లు ఉండు. వేరే ఒళ్ల మీద నేర్చుకో. రఫియాను అడిగాను. తన కోడలు ఫరీహాను కూడా ఒప్పిస్తానంది.

పెద్దబాపు


వికారాబాద్,
19 జూలై 2025

పెద్దబాపుకు వందనాలు.

నా ఉత్తరం, మీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది అందగానే చింపేయండి. దయచేసి.

మీ మోకాలు నాకు తెలియదా? తెలుసు. మీరు కుంటుతూ రావడం రోజూ చూసేదాన్ని. అయినా ఆ రెండో పొర మీ కోసమని తట్టలేదు. పెద్దమ్మ చేసేదంతా వైద్యమే అనుకున్నాను. ఇన్నాళ్లూ ఊరి ముసలమ్మలందరికీ మీ మోకాలే కట్టానన్నమాట. రాత్రంతా నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

రిసార్టువాళ్లకు రానని చెప్పాను. పెద్దమ్మ సంవత్సరీకానికి ముందే వస్తాను.

మీ సుజన


వికారాబాద్,
31 ఆగస్టు 2025

పెద్దబాపుకు వందనాలు.

క్షేమంగా చేరాను. సమాధి దగ్గర మీరు ఒక్క మాటా మాట్లాడలేదు, నేను ఆగకుండా మాట్లాడాను. పెద్దమ్మ ఉంటే నన్ను ఆపమనేది, మిమ్మల్ని మొదలుపెట్టమనేది.

నేను అక్కడున్నప్పుడు మీరు మార్కెట్‌కు వెళ్లిన ఒక పొద్దున ఇంట్లో ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. రఫియా ఖాలాను చుట్టడానికి ముందు కూర్చోబెట్టి అడిగాను. చలి పడుతుందా, వేడి పడుతుందా, ఎక్కడ నొప్పి అని. ఖాలా పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. తడిపిన దుప్పటి ఆరిపోయింది. మళ్లీ తడిపాను. వాహెద్ చాచా పరుపుల దుకాణానికి పోకుండా తెర బయట కూర్చున్నాడు.

"ఏంది బేటీ, మీ ఖాలాను పరుపు కుట్టినట్టు కుడుతున్నవా? దూది తక్కువైతె చెప్పు, దుకాణంల మస్తున్నది."

లోపలి నుంచి ఖాలా అందుకుంది. "మీరు చుప్ కూసోండి జీ! ఇన్నేండ్ల కాపురంల నాకు ఏడ నొప్పో ఒక్కపారి అడిగిన్రా? ఈ పోరి అడుగుతున్నది. చెప్పుకోనియ్యండి."

బయటి నుంచి చాచా గొంతు చిన్నగా వినిపించింది. "ఏడ నొప్పి?"

"ఇప్పుడు యాదికొచ్చిందా? లైన్ల నిలబడుండ్రి!"

ఖాలాకు వేడి ఒళ్లు. నేను నా పాత తీరున చుట్టి ఉంటే ఉడికిపోయేది. ఫరీహాది వేరే కథ. చుట్టు అనగానే వద్దంది. ఊపిరాడదంది. చెయ్యి బయట పెడదామా అని నా నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. కాళ్లు వేడినీళ్లలో పెట్టించి, తల మీద తడిగుడ్డ వేసి పంపాను. అడిగి, విని, అనుకున్నది మానుకోవడం నాకు అదే మొదటిసారి.

ఒక్క మాట అడగాలి. అన్ని రోజులు ఉన్నాను. సందులో సగం మంది ఒళ్లు చూశాను. మీ మోకాలు వాచి ఉంది, గోడ పట్టుకొని నడుస్తున్నారు. చూస్తానంటే "వాన పడేట్టుంది, బట్టలు తీసుకురావాలె" అని మిద్దె మీదికి పోయారు. దండెం మీద బట్టలు లేవు. ఇంత జరిగాక మీకు నా చేతుల మీద నమ్మకం లేదా?

మీ సుజన


మాదన్నపేట,
6 సెప్టెంబరు 2025

సుజనకు,

బట్టలు లేవని పైకి పోయాక చూశాను.

నమ్మకం ఉంది. నా మీద చెయ్యి వేస్తే నీ చేతులు మళ్లీ పాత దారి పడతాయి. నవంబరు దాకా అది వద్దు. ఇది ఒక కారణం. రెండోది రాయకూడదనుకున్నాను. రాయకపోతే నువ్వు ఇంకేదో అనుకుంటావు.

నువ్వు చుడితే అచ్చం ఆమె చుట్టినట్టే ఉంటుంది. కళ్లు మూసుకుంటే తేడా తెలియదు. తరువాత తెరవాలి కదా.

ఇక్కడి సంగతులు. వాహెద్ ఇప్పుడు రోజూ పొద్దున ఏడ నొప్పి అని అడుగుతున్నాడట. "ఈయనకు ఏమైంది, ఏమన్న దాచిపెట్టిండా?" అని రఫియా నన్ను ఆరా తీసింది. ఫరీహా నీ నీళ్ల చికిత్స తనే చేసుకుంటోంది. మాణిక్యమ్మ నిన్ను అడిగింది. చిన్న డాక్టరమ్మ అంటోంది. ఒప్పుకున్నాను.

పోయిన వారం నీ పాత గది తుడిచాను. కిటికీ చెక్క మీద బొటనవేలి మట్టి ముద్రలు ఇంకా ఉన్నాయి. నీవో ఆమెవో తెలియదు. అక్కడ మాత్రం తుడవలేదు.

రోజూ ఒక కొత్త మనిషిని అడుగు. చెయ్యకున్నా సరే, అడుగు.

పెద్దబాపు


వికారాబాద్,
17 నవంబరు 2025

పెద్దబాపుకు వందనాలు.

ఫోన్ చేసి అరవాలనిపించింది. మీకు వినబడదు. అందుకే రాత్రికి రాత్రే రాస్తున్నాను.

పరీక్ష గదిలో వెంకటనారాయణ సారే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టినట్టు కనిపించలేదు. కూరగాయలు అమ్మే ఆమెను తెచ్చారు. యాభై దాటి ఉంటుంది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. పెద్దబాపూ, నా చెయ్యి తనంతట తనే రెండో ఉన్ని గుడ్డ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. స్టూలు ఆమె ఎదురుగా వేసుకొని కూర్చున్నాను.

"ఎక్కడ నొప్పమ్మా?"

"కాలు సూస్తున్నవా? అది చిన్నప్పటిది బిడ్డా, నొప్పి లేదు ఏం లేదు. నాకు నిద్ర వస్తలేదు."

"ఎప్పటి సంది?"

"ఇల్లు మారినప్పటి సంది. పాత ఇల్లు దబీర్‌పురా స్టేషన్ ఎనక ఉండె. రైలు సప్పుడుకు పండుకునేదాన్ని. ఇప్పుడు కొడుకు మంచి ఇల్లు తీసుకున్నడు. సప్పుడే లేదు. ఎట్ల పండుకోవాలె?"

మేడమ్ నవ్వింది. నేను నవ్వలేదు. వేడినీళ్లు తెమ్మన్నాను, కాళ్లు పెట్టడానికి.

సార్ అన్నాడు, "తడి దుప్పటి చుట్టు చూపియ్యాలమ్మా. అది గద పరీక్ష."

"ఈమెకు వద్దు సార్. కొత్త చోటు, నిద్ర లేని మనిషి. చుడితె భయపడతది."

"నీకు చుట్టరాదని రాసుకోవాల్నా?"

బోర్డు కళ్ల ముందు కనిపించింది. "నాకు వస్తది సార్. ఈమెకు వద్దు" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఆమె కాళ్లు నీళ్లలో పెట్టి, తల మీద తడిగుడ్డ వేసి, పక్కన ఊరికే కూర్చున్నాను. మేడమ్ ఏదో అడగబోతే సార్ వేలు చూపించి ఆపాడు. ఆమె కుర్చీలోనే కునుకు తీస్తోంది.

తరువాత ఇంకో అమ్మాయిని తెప్పించి చుట్టమన్నారు. అడిగాను. చన్నీళ్లు. రెండు చేతులూ లోపలే. మెడ దగ్గర, పాదాల దగ్గర గాలి దూరకుండా బిగించాను. సార్ వేలు పెట్టి చూశాడు, దూరలేదు.

పాస్. ఇవాళ కాగితం వచ్చింది. రిజిస్టర్‌లో నా పేరు ఎక్కింది. పరీక్ష రోజు నేను బయలుదేరేటప్పుడు సార్, "మీ పెద్దబాపు మోకాలు ఎట్లున్నదమ్మా?" అన్నాడు. అంటే మొదటి నుంచీ గుర్తుపట్టాడు!

సంతోషంగా ఉంది. కానీ ఆ అమ్మాయి రెండు చేతులూ లోపల పెట్టి చుట్టేటప్పుడు ఒక్క క్షణం ఏమనిపించిందో మీకు తప్ప ఎవరికీ రాయలేను. పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది ఒకటి నా చేతుల్లోంచి పోయింది. నేనే పోనిచ్చాను.

మీ సుజన


మాదన్నపేట,
21 నవంబరు 2025

సుజనకు,

సంతోషం. రఫియాకు చదివి వినిపించాను. వాహెద్ జిలేబీలు తెచ్చాడు. ప్రకృతి చికిత్స పాసైనందుకు జిలేబీలేంది భాయ్ అంటే, "ఖుషీకి పథ్యం ఉండదు" అన్నాడు. రెండు తిన్నాను.

నీ చేతుల్లోంచి పోయిందని బాధపడకు. అది నీ దగ్గర పొరపాటున ఉండిపోయింది, అంతే. ఇప్పుడు ఉండవలసిన చోటే ఉంది.

ఆ నిద్ర పట్టని ఆమె గురించి చాలాసేపు ఆలోచించాను. అందరూ కాలు చూసి ఉంటారు. నువ్వు అడిగావు కాబట్టి చెప్పింది. మీ పెద్దమ్మ ఎన్నడూ నన్ను అడగలేదని రాశాను. అవసరం లేకపోయింది. పెళ్లయిన నాటి నుంచి నా ఒంటి సంగతి నేను ఎవరికీ మాటల్లో చెప్పుకోవలసిన పని పడలేదు. ఇప్పుడు తెలిసినవాళ్లు లేరు. చెప్పడం నాకు అలవాటు లేదు. పోయిన ఏడాదంతా అలా చెప్పకుండానే గడిచింది.

నీ దగ్గర ఆడవాళ్లకే అని తెలుసు. చుట్లు, పట్టీలు నాకేమీ వద్దు. అడగడానికి నియమం అడ్డు రాదనుకుంటాను.

వచ్చే వారం శనివారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. స్టేషన్‌కు రావద్దు. బయట బల్ల మీద అందరితోపాటు కూర్చుంటాను. నా వంతు వచ్చినప్పుడు పెద్దబాపు అని పిలవకు, కొత్త రోగిని పిలిచినట్టు పిలువు. ఎడమ చెవి వైపు కూర్చో, కొంచెం గట్టిగా మాట్లాడు. జవాబుకు ఆలస్యమైతే తొందరపెట్టకు.

పేరు ప్రకాశం. వయసు అరవై ఎనిమిది. తక్కినవి నువ్వు అడగాలి.

ప్రకాశం